లారీని ఆపాల్సింది లోడింగు గేటు దగ్గర: రోడ్డు భద్రతా కమిటీలకు బహిరంగ లేఖ

ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో, మంచిర్యాలలో రోడ్డు భద్రతా కమిటీలు నడిపే కలెక్టర్ గార్లకు, రవాణా శాఖ అధికారులకు, మాకు లోడు ఇచ్చే మిల్లర్లకు, క్వారీ యజమానులకు, నదిలో ఇసుక తీసే రీచ్‌లు చూసుకునే వారికి నమస్కారం.

ప్రతి జనవరిలో రోడ్డు భద్రత పేరు మీద మమ్మల్ని పిలుస్తారు. కళ్లు పరీక్షిస్తారు, బీపీ చూస్తారు, నిద్రమత్తులో బండి నడపొద్దని చెప్పి చేతిలో ఒక అరటిపండు పెట్టి పంపిస్తారు. చెప్పేది నిజమే, కాదనం. కానీ ఆ శిబిరం నుంచి బయటపడ్డ డ్రైవరు నేరుగా పోయేది మిల్లు గేటుకో, ఇసుక రీచ్‌కో, క్వారీకో. అక్కడ ఎంత బరువు ఎక్కాలో అతని చేతుల్లో లేదు. లోడు ఎప్పుడు దిగుతుందో అతని చేతుల్లో లేదు. ఎన్ని గంటలకల్లా చేరాలో అసలే లేదు. ఈ మూడూ తేల్చేవాళ్లు మీ శిబిరానికి రారు, వాళ్లను ఎవరూ పిలవరు కూడా.

మేం లారీలు నడిపేవాళ్లం, ఒకటో రెండో బండ్లున్న ఓనర్ కం డ్రైవర్లం, ఆ బండ్లకు బ్రేకులు బిగించే మెకానిక్కులం. మా మాట ఒక్కటే. లారీ రోడ్డెక్కాక చేసే తనిఖీ సగం వృథా. బరువైనా, డ్రైవరు నిద్రయినా గేటు దగ్గరే తేలిపోతాయి. కాబట్టి కాంటా, గడియారం రెండూ గేటు దగ్గర పెట్టండి.

ముందు ఇసుక సంగతి చూద్దాం. మహదేవ్‌పూర్ వైపు గోదావరి రీచ్‌లలో నిండి భూపాలపల్లి, పరకాల మీదుగా వరంగల్‌కూ హైదరాబాద్‌కూ దిగే పది టైర్ల లారీనే తీసుకోండి. 2018 జూలైలో కేంద్రం యాక్సిల్ (ఇరుసు) బరువుల పరిమితి పెంచినప్పుడు ఇలాంటి మూడు యాక్సిళ్ల బండికి మొత్తం బరువు 25 నుంచి 28.5 టన్నులకు, రెండు యాక్సిళ్ల ఆరు టైర్ల బండికి 16.2 నుంచి 18.5 టన్నులకు పెరిగింది. ఏ బండికైనా ఆర్‌సీ (రిజిస్ట్రేషన్ పత్రం) మీద ఏది రాసి ఉంటే అదే లెక్క. తొట్టితో కలిపి ఖాళీ బండి పదీ పదిన్నర టన్నులు తూగుతుంది. అంటే ఎక్కించాల్సింది సుమారు 18 టన్నులు.

ఎండిన ఇసుక ఘనమీటరుకు దాదాపు 1.6 టన్నులు. ఆ లెక్కన 11 ఘనమీటర్లు పోయొచ్చు. నీళ్లోడుతున్న ఇసుకైతే ఘనమీటరుకు 1.9 నుంచి 2 టన్నులు. తొట్టిలో అదే గీత దాకా, అదే 11 ఘనమీటర్లు పోస్తే 21, 22 టన్నులవుతుంది. డ్రైవరు ఒక్క బకెట్టు ఎక్కువ అడగకపోయినా మూడు నాలుగు టన్నుల నీళ్లు బండెక్కి కూర్చున్నట్టే. పైగా ఆ నీళ్లు దారి పొడవునా కారతాయి. వెనక బైకు మీద వచ్చేవాడికి అది తడి రోడ్డు, మలుపులో రాలిన ఇసుక మీద జారే రోడ్డు. తీసిన ఇసుకను ఒక రోజంతా గట్టు మీద కుప్పగా వదిలేస్తే నీళ్లు చాలామటుకు దిగిపోతాయి. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, కుప్పల మధ్య కొంచెం జాగా చాలు: నిన్నటి కుప్ప ఇవాళ నింపాలి, ఇవాళ్టి కుప్ప రేపు నింపాలి.

ఇక రోడ్డు మీద పట్టుకోవడం. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం అధిక లోడుకు 20,000 రూపాయలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2,000. తూకానికి ఆగనన్నవాడికి 40,000. అదనపు సరుకు అక్కడే దింపించే అధికారం 114వ సెక్షన్‌లో ఉంది. కానీ అర్ధరాత్రి పరకాల దాటాక నాలుగు టన్నుల తడి ఇసుకను ఎక్కడ దింపుతారు? ఎవరు దింపుతారు? చలానా రాసి పంపేస్తారు. బండి అదే బరువుతో మిగతా దారంతా నడుస్తుంది. చలానా కట్టిన రశీదు బ్రేకు పట్టదు. అదే తూకం రీచ్ గేటులో జరిగితే పొక్లెయిన్ పక్కనే ఉంటుంది, రెండు బకెట్లు వెనక్కి తీస్తే పని అయిపోతుంది. వేబిల్లు, అంటే సరుకుతో పాటు ఇచ్చే చీటీ మీద ఖాళీ బరువు, నిండు బరువు, ఆర్‌సీ బరువు మూడూ పక్కపక్కన ముద్రించాలి. నిండు బరువు ఆర్‌సీ బరువు దాటితే గేటు తెరుచుకోకూడదు, వేబిల్లు రాకూడదు. దాటించినట్టు తేలితే ఆ రోజు జరిమానా బండి మీద కాదు, లోడు పోసిన వాళ్ల మీద పడాలి.

ఓవర్‌లోడు లాభమంతా ఓనర్లదే కదా, మీరే ఆశపడుతున్నారు కదా అంటారు. మొదటి నెల అలాగే కనిపిస్తుంది. పది బండ్లలో నాలుగు బండ్లు నాలుగు టన్నులు ఎక్కువ మోస్తే కొనేవాడు టన్ను రేటు ఆ లెక్కకు దించేస్తాడు. ఆ తర్వాత సరైన బరువు మోసేవాడికి డీజిల్ డబ్బులు కూడా రావు, వాడూ ఎక్కువ మోయక తప్పదు. ఆఖరికి అందరూ ఎక్కువ మోసి పాత కిరాయే తెచ్చుకుంటారు. మహదేవ్‌పూర్ నుంచి హైదరాబాద్‌కు పోనూ రానూ 500 కిలోమీటర్ల పైమాటే. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చే బండికి 125 లీటర్లు, అంటే ఇంచుమించు 12,000 రూపాయలు డీజిల్‌కే. దాని మీద టోలు, బత్తా, కిస్తీ. మిగిలేది తక్కువ కాబట్టి కోత పడేది టైర్ల మీద, బ్రేకు లైనర్ల మీద, నిద్ర మీద. అందరికీ ఒకే కాంటా ఉంటేనే రేటు నిలబడుతుంది. ఈ మాట మా తోటి ఓనర్లలో కొందరికి నచ్చదని తెలిసే రాస్తున్నాం.

రోడ్ల బిల్లు కట్టేది మీరే కాబట్టి ఇంకో లెక్క. రోడ్డుకు జరిగే నష్టం యాక్సిల్ బరువుకు నాలుగో ఘాతం చొప్పున పెరుగుతుందని రోడ్డు ఇంజనీర్లు చాలాకాలంగా వాడుతున్న సూత్రం. నాలుగు టైర్ల యాక్సిల్‌కు చట్టం ఇచ్చింది 11.5 టన్నులు. దాని మీద 16 టన్నులు పడితే నష్టం ఒకటిన్నర రెట్లు కాదు, మూడున్నర రెట్ల పైనే.

బరువు పెరిగితే బ్రేకులో ఏమవుతుందో కాస్త వివరంగా చెప్పాలి. తనిఖీ చేసేవాళ్లు ఎక్కువగా కాగితాలే చూస్తారు, చక్రం కిందికి వంగి చూసేవాళ్లు తక్కువ. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. ముందేదో కనిపించి కాలు పెడల్ మీదికి పోయేసరికి సెకనున్నర, 25 మీటర్లు. ఆ తర్వాత మంచి బ్రేకులున్న బండి ఆగడానికి మరో 35. మొత్తం 60 మీటర్లు. 80 వేగంలో అదే 95 మీటర్లవుతుంది. ఇది సరైన బరువుకు వేసిన లెక్క. 28.5 టన్నుల బండిలో 40 టన్నులుంటే చక్రాల్లోని అవే బ్రేకు డ్రమ్ములు 40 శాతం ఎక్కువ వేడి మింగాలి. డ్రమ్ము వేడెక్కితే సాగుతుంది, దాన్ని ఒరుసుకుని చక్రాన్ని ఆపే లైనరుకు దూరం జరుగుతుంది. గాలి ఒత్తిడితో లైనరును నెట్టే బూస్టర్ రాడ్డు మామూలు కన్నా ఎక్కువ బయటికి రావాల్సి వస్తుంది. దాని దూరం అయిపోయాక పెడల్ ఎంత తొక్కినా రాడ్డు ముందుకు పోదు. గాలి మీటరు 8 బార్ చూపిస్తూనే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్‌లో దిగేటప్పుడు బ్రేకు 'ఫెయిలయింది' అని చెప్పేవాటిలో చాలామటుకు ఇదే. ఏదీ తెగదు, పగలదు. డ్రమ్ము చల్లబడ్డాక చూస్తే బ్రేకు బాగానే ఉంటుంది. అందుకే తప్పంతా డ్రైవరు మీదికి పోతుంది.

దీన్ని పట్టుకోవడానికి మిషను అక్కర్లేదు. బండిని చదునైన చోట నిలిపి చక్రాలకు ముందూ వెనకా చెక్కలు అడ్డం పెట్టాలి. గాలి నిండా ఎక్కించి, ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వదిలేయాలి. ప్రతి బూస్టర్ రాడ్డు మీద, బూస్టర్ మూతి దగ్గర చాక్‌పీసుతో గీత పెట్టాలి. ఒకరు పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుంటే ఇంకొకరు గీత ఎంత దూరం జరిగిందో స్కేలుతో చూడాలి. వెనక చక్రాల పెద్ద బూస్టర్‌కు 50 మి.మీ., అంటే రెండంగుళాలు దాటిందంటే ఆ చక్రాన్ని బ్రేకు లెక్కలోంచి తీసేయాల్సిందే. పెడల్ తొక్కి పట్టుకున్న ఆ నిమిషంలోనే మీటరు చూడాలి. తొక్కగానే పడింది పోగా, ఆ తర్వాత నిమిషంలో 0.2 బార్ కన్నా ఎక్కువ పడితే ఎక్కడో గాలి పోతోంది, సబ్బు నీళ్లు పోసి వెతకాలి. లైనరుకూ డ్రమ్ముకూ మధ్య సందు సరిచేసేది స్లాక్ అడ్జస్టర్; అది చేత్తో తిప్పే రకమైతే లైనరు డ్రమ్ముకు తగిలేదాకా బిగించి, అర చుట్టు వెనక్కి తిప్పి, చక్రం స్వేచ్ఛగా తిరుగుతుందో లేదో చూడాలి. ఆటోమేటిక్ అడ్జస్టరుంటే దాన్ని మాటిమాటికీ చేత్తో తిప్పొద్దు. రాడ్డు ఎక్కువ వస్తోందంటే అడ్జస్టరో, కామ్ బుష్షో పోయిందని అర్థం, అది మార్చాలి. హబ్బు ఆయిల్ సీల్ లీకై లైనరుకు గ్రీజు పట్టిందా, పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం మన అడ్డాల్లో మామూలు. లైనరు పీల్చుకున్న నూనె వేడికి మళ్లీ బయటికొస్తుంది. ఆ యాక్సిల్‌కు రెండు వైపులా లైనర్లు మార్చాల్సిందే. ఒక్క వైపే మారిస్తే బ్రేకు కొట్టినప్పుడల్లా బండి ఒక పక్కకు లాగుతుంది.

మా వాళ్లు చేసే రెండు తప్పులు దాచకుండా చెప్పాలి. ఒకటి, హ్యాండ్ బ్రేకు బూస్టర్‌లో డయాఫ్రం (రబ్బరు పొర) చిరిగి చక్రం పట్టేస్తే, వెనక ఉన్న బోల్టు తిప్పి లోపలి స్ప్రింగును కట్టేసి బండిని కదిలిస్తారు. గ్యారేజీ దాకా చేర్చడానికి పెట్టిన బోల్టు అది. దాంతోనే నెలలు నడుపుతారు. అంటే ఆ చక్రానికి హ్యాండ్ బ్రేకూ లేదు, గాలి పోయినప్పుడు దానంతటది పట్టే బ్రేకూ లేదు. రెండు, దిగుడులో న్యూట్రల్. పాత పంపు ఇంజన్ల రోజుల్లో పుట్టిన అలవాటిది. ఇప్పటి బీఎస్‌4, బీఎస్‌6 ఇంజన్లలో గేరులో ఉంచి ఎక్సలేటరు మీద కాలు తీస్తే డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో పెడితేనే ఇంజను ఆరిపోకుండా డీజిల్ కాలుతుంది. అంటే ఆదా అనుకున్నదే నష్టం, పైగా బండి బరువంతా బ్రేకుల మీద. ఎక్కేటప్పుడు ఏ గేరు పడిందో దిగేటప్పుడూ ఆ గేరే, ఇంజను పొగ దారి మూసి వేగం తగ్గించే ఎగ్జాస్ట్ బ్రేకు వేసుకుని. ఇక గాలి ట్యాంకుల కింద వాల్వు రోజూ తెరిచి నీళ్లు వదలడం ఎంత చిన్న పనో అంత తరచుగా మరిచిపోయే పని. నీళ్లతో పాటు నల్లటి నూనె వస్తే కంప్రెసర్ రింగులు అరిగాయి, డ్రయ్యర్ ఫిల్టర్ మార్చి ఊరుకుంటే లాభం లేదు.

ఫిట్‌నెస్ పరీక్ష ఎనిమిదేళ్ల లోపు బండికి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏడాదికోసారి. పరీక్షకు ముందు రోజు మంచి టైర్లు అద్దెకు తెచ్చి, మర్నాడు పాతవి ఎక్కించేవాళ్లున్నారని మీకూ తెలుసు, మాకూ తెలుసు. అందుకే మేం అడిగేది ఇంకో రకం తనిఖీ. వరంగల్ ఆటోనగర్‌లో, కరీంనగర్‌లో, గోదావరిఖని, మంచిర్యాలల్లో నెలకు ఒక ఆదివారం, చలానా పుస్తకం ఇంటి దగ్గర పెట్టి రండి. ఇన్‌స్పెక్టర్, ఇద్దరు మెకానిక్కులు, స్కేలు, చాక్‌పీసు, గాలి గేజీ చాలు. బండికి ఇరవై నిమిషాలు పడుతుంది. లోపాలు కాగితం మీద రాసివ్వండి, పదిహేను రోజులు గడువివ్వండి. ఆ కాగితం చూపించినవాడికి ఆ లోపం మీద జరిమానా పడకూడదు. అప్పుడు చూడండి ఎంతమంది వస్తారో.

టైర్ల గురించి కొంచెమే చెబుతాం, అందరికీ తెలిసినదే కాబట్టి. గాడి 1.6 మి.మీ. కన్నా తగ్గితే టైరు పని అయిపోయినట్టు. ముందు చక్రాలకు రీసోలు (పాతదానికి కొత్త రబ్బరు అతికిన) టైరు వద్దు, వెనక జోడు టైర్లకైతే సరే. జోడులో ఒక దాంట్లో గాలి తగ్గితే పక్కది రెండు టైర్ల బరువు మోసి వేడెక్కి పేలుతుంది. పేలినదాన్ని తిడతాం, తప్పు పక్కదానిది. చెక్క సుత్తితో కొట్టి శబ్దం వినడం కన్నా నలభై, యాభై రూపాయల వాల్వు పొడిగింపు పైపు పెట్టించుకుని గేజీతో చూసుకోవడం నయం. చక్రం విప్పి ఎక్కించాక 50, 100 కిలోమీటర్లు నడిచాక నట్లు మళ్లీ బిగించాలి. నట్టు కింద నుంచి తుప్పు చార కనిపిస్తే అది లూజయిందని బండే చెబుతున్నట్టు.

కానీ పంచర్ షాపుల్లో లాక్ రింగు సంగతి మీరు పట్టించుకోవాలి. ట్యూబు టైరు వేసే రిమ్ముకు పక్కన ఒక ఇనుప రింగు ఉంటుంది. గాలి కొట్టేటప్పుడు అది గాడిలో సరిగ్గా కూర్చోకపోతే వందకు పైగా పీఎస్‌ఐ ఒత్తిడితో ఎగిరి వస్తుంది. దాని ముందు మనిషి ఉంటే బతకడు. విప్పేముందు వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదలాలి, జోడు టైర్లయితే రెండింటిదీ. ఎక్కించేటప్పుడు తుప్పు గీకాలి, వంగిన రింగు వాడకూడదు, రింగును సుత్తితో కొడుతూ గాలి ఎక్కించకూడదు. చక్రాన్ని ఇనుప బోనులో పెట్టి, పొడవాటి పైపుతో పక్కకు నిలబడి కొట్టాలి. వెల్డింగు షాపులో చేయించే ఆ బోను ఒక్క లారీ టైరు ధర కూడా కాదు. 163వ జాతీయ రహదారి మీద ఆలేరు నుంచి ములుగు దాకా ఉన్న పంచర్ షాపులన్నిటికీ బోనులిస్తే కమిటీ బడ్జెట్‌లో అదొక మూల కూడా కాదు.

గ్రానైట్. కరీంనగర్ క్వారీల నుంచి దిమ్మెలు వస్తాయి. మూడు మీటర్ల పొడవు, 1.8 వెడల్పు, 1.6 ఎత్తున్న దిమ్మె ఘనమీటరుకు 2.7 టన్నుల లెక్కన 23 టన్నులు తూగుతుంది. చూడ్డానికి బండిలో చిన్నగా కనిపిస్తుంది, ఒక్క దిమ్మెతోనే పది టైర్ల బండి పరిమితి దాటిపోతుంది. బరువుకు తోడు కట్టు. రాయి కింద రెండు చెక్క దుంగలు పెట్టి, అదే నిలబడుతుందని వదిలేయడం చూస్తున్నాం. గట్టిగా బ్రేకు కొడితే ముందుకు తోసే బలం రాయి బరువులో 80 శాతం దాకా ఉంటుందని, మలుపులో పక్కకు 50 శాతం దాకా ఉంటుందని లెక్కేసి కట్టాలి. అంటే 20 టన్నుల రాయిని 16 టన్నుల బలం తట్టుకునేలా ఆపాలి. తాడు దీనికి పనికిరాదు. గ్రేడ్ 80 రకం 10 మి.మీ. గొలుసు ఒకటి కట్టుగా సుమారు 6.3 టన్నులు లాగి పట్టగలదు. అలాంటివి కనీసం నాలుగు, మూలల నుంచి ఏటవాలుగా, టర్న్ బకిల్‌తో (తిప్పి బిగించే కొక్కెంతో) బిగించి, రాయి అంచుకు గొలుసు తెగకుండా రబ్బరు మెత్తలు పెట్టి కట్టాలి. గొలుసులు, దుంగలు క్వారీ ఇవ్వాలి. క్రేను వాడికి దిమ్మె ఎత్తినందుకు డబ్బులిస్తున్నారు కదా, కట్టినందుకూ ఇవ్వండి. డ్రైవరు పది కిలోమీటర్లు నడిచాక ఆగి గొలుసులు మళ్లీ బిగించుకోవాలి, మొదటి కుదుపులకే చెక్క నలిగి వదులవుతాయి.

పత్తి సీజన్లో ఇంకో రకం. విడి పత్తి తేలిక, బరువు సమస్య కాదు, వెడల్పు సమస్య. బండి వెడల్పు 2.6 మీటర్లు దాటకూడదు. పక్కలకు ఉబ్బిన పత్తి బండి ఎదురొస్తే రెండు వరుసల రోడ్డు మీద బైకు దిగాల్సింది మట్టిలోకే. పక్కలకు, ముందుకు, వెనక్కు లోడు బయటికొస్తే కూడా 20,000 జరిమానా చట్టంలో ఉంది. ఆ ఉబ్బిన లోడుతో వెనక అద్దాలు కనిపించవు, కరెంటు తీగలు తగిలితే నిప్పు. జిన్నింగు మిల్లు గేటు దగ్గర 2.6 మీటర్ల దూరంలో రెండు ఇనుప స్తంభాలు పాతండి. పట్టని బండిని అక్కడే ఆపి సర్దించండి. ఒక్క వారం సర్దిస్తే రెండో వారం ఎవరూ అలా నింపి తీసుకురారు.

ఇప్పుడు గంటల సంగతి. అసలు లేఖ రాసింది దీనికోసమే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. ఐదు గంటలు పని చేశాక కనీసం అరగంట విరామం అంది. ఆ చట్టం ఐదుగురు, ఆపైన కార్మికులున్న సంస్థలకే. ఒక్క బండి ఓనరు, అతని దగ్గర ఒక డ్రైవరు దాని కిందికి రారు. అయితే మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ రవాణా వాహనం నడిపే ఎవరికైనా అవే గంటలు అంటుంది. ఇప్పుడు ఆ 1961 చట్టం కొత్త కార్మిక కోడ్‌లో కలిసినా 8 గంటల మాట అలాగే ఉంది. కాగితం మీద లోటు లేదు. కానీ ఓనరే డ్రైవరైనప్పుడు ఎవరి మీద కేసు పెడతారు? తనను తాను 18 గంటలు నడిపించుకున్న నేరానికి తనకే నోటీసా?

18 గంటలు ఎలా వస్తాయో చూడండి. సాయంత్రం లోడుతో మిల్లుకు చేరిన బండి రాత్రంతా వరుసలో ఉంటుంది. డ్రైవరు పడుకుంటే వరుస జరిగినప్పుడు వెనకవాడు ముందుకొస్తాడు, కాబట్టి గంటకోసారి లేచి ఇరవై అడుగులు ముందుకు జరుపుతాడు. మధ్యాహ్నానికి హమాలీలు దింపుతారు. లెక్క ప్రకారం అతను రాత్రంతా 'విశ్రాంతి'లో ఉన్నట్టే. నిజానికి గంట కూడా వరసగా నిద్రపోలేదు. ఖాళీ అయిన మరుక్షణం ఫోను వస్తుంది, తిరుగు లోడు పోతుందని. 17 గంటలు మేల్కొని ఉన్న మనిషి చేతి పని, చూపు రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాడితో సమానంగా మందగిస్తాయని 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చూపించారు. మన చట్టం 185వ సెక్షన్‌లో గీసిన గీత 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం. నిద్రలేని డ్రైవరు ఒక్క చుక్క తాగకుండానే ఆ గీత దాటేశాడు. బ్రీత్ అనలైజర్‌లో సున్నా వస్తుంది, శభాష్ అని పంపించేస్తారు. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య శరీరమే నిద్రకు లాగే వేళ, టీ కొట్టు ఆ టైమును ఓ అరగంట జరపగలదు, అంతే.

కాబట్టి గడియారం గేటు దగ్గర కావాలి. బండి గేటుకు చేరగానే వేబిల్లు మీద టైము ముద్ర. దిగి బయటికి పోయేటప్పుడు ఇంకో ముద్ర. మధ్య తేడా ఆరు గంటలు దాటితే ఆపైన ప్రతి గంటకూ హాల్టింగు చార్జీ, కిరాయితో పాటే, అడగక్కర్లేకుండా. ఇప్పుడు హాల్టింగు అడిగితే మళ్లీ లోడు ఇవ్వరు, అందుకే ఎవరూ అడగరు. లోడు ఇచ్చేవాడి జేబుకు తగిలితే వరుస దానంతటదే తగ్గుతుంది. వరుసకు బదులు టోకెను ఇవ్వండి, నంబరు వచ్చేముందు ఫోనుకు మెసేజీ పంపండి. డ్రైవరు వరసగా ఐదారు గంటలు పడుకోగలిగితే అదే అతని ప్రాణం. కాపలా ఉన్న పార్కింగు, నాలుగు మరుగుదొడ్లు, తాగే నీళ్లు, రేకుల షెడ్డు కింద పది నులక మంచాలు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ ఈ రోడ్ల మీద తిరిగే బండ్లలో ఎక్కువ అంతకుముందువే. రామగుండం, మంచిర్యాల ఎండల్లో 45 డిగ్రీలకు ఇంజను పక్కన క్యాబిన్ ఎంతుంటుందో ఒకసారి ఎక్కి పది నిమిషాలు కూర్చుని చూడండి. వేప చెట్టు నీడ కూడా మాకు భద్రతా పరికరమే.

రాత్రి రోడ్డు మీద ఆగిన బండ్లు ఇంకో పెద్ద సమస్య. టైరు పేలిన బండి వెనక మూడు రాళ్లు, ఒక చెట్టు కొమ్మ పెట్టి పని చేసుకుంటాం, పని అయ్యాక రాళ్లు అక్కడే వదిలేసి పోతాం. ఆ రాళ్లకు కొట్టుకుని బైకులు పడుతున్నాయి, ఇది మా తప్పే. 60 మీటర్ల ఆగే దూరం పైన చెప్పాం. కాబట్టి ముక్కోణం బోర్డు బండికి పది అడుగుల దూరంలో పెడితే లాభం లేదు, కనీసం వంద అంగలు (60 మీటర్ల పైన) నడిచి, వేగంగా పోయే రోడ్డయితే దానికి రెట్టింపు నడిచి పెట్టాలి. మడిచే బోర్డులు రెండు సీటు కింద పడుంటాయి, బరువేం కాదు. వెనక రేడియం అని అంటించే చవక స్టిక్కర్లు ఒక వానాకాలానికే మాసిపోతాయి. ఏఐఎస్ 090 (వాహన భాగాల ప్రమాణం) ముద్ర ఉన్న 50 మి.మీ. టేపే కావాలి, వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. దాన్ని వారానికోసారి తుడవాలి. వెనక ఉండే ఇనుప గార్డు నేల నుంచి 550 మి.మీ. కన్నా ఎత్తులో ఉండకూడదు. టిప్పర్లకు అడ్డం వస్తోందని దాన్ని పైకి వంచేస్తారు, అప్పుడు వెనక నుంచి వచ్చిన కారు నేరుగా తొట్టి కిందికి దూరుతుంది.

కలెక్టర్ గారూ, ఏప్రిల్, మే నెలల్లో వడ్లు రోడ్ల మీద ఆరబోయడం మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. రైతుల మీద మాకు కోపం లేదు, ఆ వడ్లు మోసేది మేమే. కానీ కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు రాత్రి కనిపించవు, సగం రోడ్డు పోతుంది. కొనుగోలు కేంద్రం పక్కన కల్లం జాగా లేని ఊళ్లలోనే ఇది ఎక్కువ. వెనక లైటు, రేడియం లేని ట్రాక్టర్ ట్రాలీలు కూడా అంతే, ఒక్కో ట్రాలీకి రెండడుగుల టేపు ముక్కలు రెండు చాలు. వ్యవసాయ శాఖ చేత కొనుగోలు కేంద్రాల్లోనే అంటించండి, అక్కడికి ప్రతి ట్రాలీ ఎలాగూ వస్తుంది.

మొదలు ఎక్కడ పెట్టాలని అడిగితే వరంగల్‌లోని ఏనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో అంటాం. మిర్చి సీజన్ జనవరిలో ఊపందుకుంటుంది, ఆలోపు నెల రోజులు సరిపోతుంది. కాంటా అక్కడ ఉంది, గేటు ఉంది, మార్కెట్ సిబ్బంది ఉన్నారు. కొత్తగా కావాల్సింది గోడ గడియారం ఒకటి, వేబిల్లు మీద వచ్చిన టైముకు ఒక ముద్ర, పోయిన టైముకు ఒక ముద్ర, ఆర్‌సీ బరువు రాసుకునే ఒక గడి. రిజిస్టరు రాయడానికి మనిషి కావాలంటే మేమే వంతులవారీగా కూర్చుంటాం.

ఇట్లు,
వరంగల్, భూపాలపల్లి, కరీంనగర్, మంచిర్యాల రూట్లలో లారీలు నడిపే కొందరు డ్రైవర్లు, ఓనర్ కం డ్రైవర్లు, మెకానిక్కులు